పదిహేడో చుక్క

మా ఊరి పేరుకు అర్థం పడవ.
పడవ తేలేపాటి ఏరు మాత్రం లేదు.
ఉన్న వాగుల్ని ఎప్పుడో మిల్లుల కింద గొట్టాల్లోకి తోశారు.
వుచ్ వీధుల్లో నడిచేవాళ్ళ కాళ్ళ కింద
అవి చీకట్లో పారుతుంటాయి.

సముద్రం మా నాలుగో అంతస్తులో ఉంది.
మూడు వందల లీటర్లు.
కిటికీ అవతల ఫిబ్రవరి, మైనస్ పదకొండు.
ఇవతల ఇరవై ఐదు, తగ్గితే హీటరు ఊరుకోదు.

ఆదివారం చర్చి గంటలు ఆగాక
బల్ల మీద పాత తువ్వాలు పరిచి సీసాలు పేరుస్తాను.
సిరంజితో రెండు మిల్లీలీటర్ల సముద్రం.
చిన్న చెంచాడు పొడి. కలిపితే గులాబీ.
ఆపైన చుక్క, తిప్పు, చుక్క, తిప్పు,
గులాబీ పోయి నీలం నిలిచేదాకా.
చుక్కకి ఇరవై చొప్పున క్యాల్షియం.
ఇంతే చదువు.

ఈ చదువు నాకు కొత్త కాదు.
ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో రంగుల గది నాది.
నా సంతకం లేనిదే తాను గేటు దాటేది కాదు.
"బోగ్నా కన్ను" అనేవాళ్ళు, తక్కెడ అన్నట్టు.
ఉత్తరపు కిటికీ దగ్గర గుడ్డ పక్కన గుడ్డ పెట్టి
నీలంలో వెంట్రుకవాసి ఆకుపచ్చ దొర్లినా
పట్టుకునేదాన్ని.

ఈ చలికాలం పగడాలు పెరగడం మానేశాయి.
రాళ్ళ మీది ఊదా పొర
పెచ్చులూడిన గోడలా తెల్లబడింది.
లెక్క చూస్తే నాలుగు వందల అరవై.
కావలసినదానికన్నా ఎక్కువే.
ఎక్కువైనప్పుడు ఇంకేం పోస్తాం? ఆపేశాను.
వారం. మరో వారం. లెక్క దిగలేదు.
ఉప్పు డబ్బాను తిట్టాను, కుళాయిని తిట్టాను,
కిట్ గడువు తేదీ భూతద్దంతో చదివి
కొత్తది తెప్పించాను.
కొత్తదీ అదే సాక్ష్యం చెప్పింది.

పై అంతస్తు తిమోన్, తొమ్మిదేళ్ళవాడు,
చేపల్ని చూసే నెపంతో వచ్చి
గడ్డం బల్లకానించి కూర్చున్నాడు.
"నువ్వు లెక్కపెట్టరా" అన్నాను.
పదిహేను. పదహారు. పదిహేడు.
"అయిపోయింది. నీలం."
ఎక్కడ? ఇంకా ఊదాగానే ఉంటేనూ!
"నీలం, బోగ్నా గారూ."
నాకు నీలం దొరికింది ఇరవై మూడో చుక్కకి.

ఆరు చుక్కలు.
ఆరు చుక్కల మేర నా కంట్లో పసుపు.
డాక్టరమ్మ దీపం వేసి చూసి
శుక్లం అంది, ఏళ్ళ నాటిది,
వస్తూ వచ్చానని చెప్పదు,
ముందు నీలాన్నే తినేస్తుంది.

ఇంటికొచ్చి రెండో కిట్ తీశాను.
ఆల్కలినిటీది అటునుంచి ఇటు: నీలం పోయి నారింజ రావాలి.
అందులో నాకు నారింజ ముందే వచ్చేసేది.
తక్కువనుకుని సోడా పోస్తూ పోయాను.
రెండు అబద్ధాలూ ఒకే కంట్లోంచి.

ఏళ్ళంటే ఎన్నేళ్ళని
డాక్టర్ని అడగబోయి ఊరుకున్నాను.

మిల్లు మూతపడే ముందటి శరత్తులో
జెనాన్ రంగు వేసిన నలభై తానులు వెనక్కి పంపాను.
నీలం మురికిగా ఉందన్నాను.
కిటికీ దగ్గర నిలబడి "ఇది నీలమే మేడమ్" అన్నాడు,
రెండుసార్లు.
మూడోసారి అనలేదు.
ఆ నెల అతని జీతంలో కోత పడింది.
తక్కెడతో ఎవరు వాదిస్తారు?

ఇప్పుడు సోడా ఆపి
రోజుకో చెంచా క్యాల్షియం కరిగించి పోస్తున్నాను.
తొందరపడి ఒక్కసారే పోస్తే నీళ్ళు పాలవుతాయి,
పోసిందంతా సున్నమై అడుక్కి దిగుతుంది.
రోజుకు ఇరవై. అంతకు మించి ఎక్కనివ్వకూడదు.
చుక్కలు తిమోన్ లెక్కపెడతాడు, నేను తిప్పుతాను.

ఆపరేషన్ ఏప్రిల్లో.
అప్పటిదాకా ఆగుదామనుకున్నాను,
కొత్త కన్నుతో మాట్లాడొచ్చని.
జెనాన్ నంబరు పాత డైరీలో దొరికింది.
నల్ల సిరా, చిన్న అక్షరాలు.
తిమోన్‌ని చదవమన్నాను.
"నీలం సిరా" అన్నాడు అడక్కుండానే,
ఆ తర్వాత అంకెలు, ఒక్కొక్కటీ.

అవతల మోగుతోంది.